ముప్పై తొమ్మిదో పేజీ

"చించెయ్యి," అంది అక్క, మూడోసారి.

మొదటిసారి అన్నప్పుడు అది సలహా. రెండోసారికి బతిమాలుకోవడం అయింది. ఈసారి ఆజ్ఞలాగే వినిపించింది.

చెల్లెలు బల్ల మీద తెరిచి ఉన్న నోటుపుస్తకం వంకే చూస్తూ కూర్చుంది. గోడగడియారం ఎనిమిదింబావు చూపిస్తోంది. పదకొండింటికి కోర్టు తరఫు పరిశీలకురాలు వస్తుంది. ఇల్లు చూస్తుంది, పిల్లను చూస్తుంది, నోటీసులో ప్రత్యేకంగా రాసినట్టు 'తల్లి రోజూ రాస్తున్న ఆరోగ్య పుస్తకం' చూస్తుంది. ఆ తర్వాత, ఎనిమిదేళ్ల పిల్ల ఎవరి దగ్గర పెరగాలో రెండు కాగితాల్లో రాసి న్యాయమూర్తికి పంపిస్తుంది.

"వింటున్నావా, లేదా?"

"మూడుసార్లూ విన్నానక్కా."

"విని?"

"చించను."

అక్క చేతిలోని మడతబద్దను బల్ల మీద టక్కున పెట్టింది. కింది అంతస్తులోని బైండింగు షాపులో ముప్పై ఏళ్లుగా కాగితాలు మడిచి మడిచి ఆ చెక్కముక్క అద్దంలా నునుపెక్కింది. ఆదివారం షాపు మూసినా ఆమె చేతిలో ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే మాట తోచదు.

"పోనీ, ఏం రాశావో ఒకసారి పైకి చదువు. నీ నోటితో నువ్వే విను."

చెల్లెలు చదివింది.

"సోమవారం, సాయంత్రం ఆరూ పది. పాప ఇన్‌హేలరు మొత్తం బొమ్మకు కొట్టేసింది. ఒక్క పీల్పు కూడా మిగల్లేదు. కుడిచేతి మీద రెండు దెబ్బలు వేశాను. నలభై నిమిషాలు ఎర్రగా ఉంది. తప్పు నాది. ఊదితే నూట తొంభై."

"చాలు. ఇంక పిల్ల తండ్రికి వకీలెందుకు? ఆయన తరఫు వాదన నువ్వే రాసి పెట్టావు కదే! కొట్టావు, సరే. ఏ తల్లి కొట్టలేదు? మన అమ్మ నన్ను గరిటె విరిగేలా కొట్టింది. కాని, రాసుకుందా? టైము వేసిందా? ఎన్ని నిమిషాలు ఎర్రగా ఉందో చూసిందా?"

"చూసి ఉంటే రెండోసారి కొట్టేది కాదేమో."

అక్కకు నవ్వు వచ్చింది. వచ్చినందుకు ఒళ్లు మండింది.

పాపకు ఉబ్బసం. మూడో ఏట మొదలయింది. ఊపిరి ఎంత బలంగా వదులుతోందో కొలిచే చిన్న గొట్టం ఒకటి ఇంట్లో ఉంది. పాప దాన్ని 'ఊదుడుగొట్టం' అంటుంది. పొద్దునా సాయంత్రమూ అందులో మూడేసిసార్లు ఊదడం, మూడింటిలో పెద్ద అంకెను పుస్తకంలో రాయడం, ఆ రోజు జరిగింది పక్కన ఒకటి రెండు వాక్యాల్లో రాయడం ఆ ఇంటి పద్ధతి. వారానికో పేజీ. భర్తతో విడిపోయి పాపతో ఈ ఇంటికి వచ్చిన రోజున అక్క కుట్టి ఇచ్చిన పుస్తకం అది. తొంభై ఆరు పేజీలు, మడత మీద మూడు బెజ్జాలు, మైనం పూసిన దారం. మొదటి అక్షరం రాయకముందే చెల్లెలు పేజీలన్నిటికీ మూల మీద అంకెలు వేసుకుంది.

మనుషులు మాట తప్పినప్పుడు కనీసం తప్పినట్టు తెలుస్తుంది. జ్ఞాపకం అలా కాదు. తప్పిన సంగతి కూడా తెలియనివ్వదు. ఆమె రాసుకోవడం అందుకే.

"యాభై ఏడో పేజీ చూపించు, చాలు," అంది అక్క, గొంతు తగ్గించి. "సెలవుల్లో ఆయన దగ్గర నాలుగు రోజులుండి వచ్చినప్పటిది. తన పాలిష్ షెడ్డులో, ఆ వార్నిష్ కంపులో కూర్చోబెట్టాడు. మందు సంచి ఇంట్లో మరిచిపోయాడు. వచ్చేసరికి పిల్ల పిల్లికూత పెడుతోంది. నూట పది! నువ్వే రాశావు. అది చూపించు, ఇది తీసెయ్యి. ఎవరికి నష్టం?"

"పుస్తకానికి."

"పుస్తకానికేం ప్రాణం ఉందా?"

"నాకు పనికొచ్చేవి ఉంచి, పనికిరానివి తీసేస్తే అది పుస్తకం కాదక్కా. అర్జీ."

పక్క గదిలో ఏదో కింద పడ్డ చప్పుడయింది. ఇద్దరూ ఆగారు. పాప తనలో తాను మాట్లాడుకుంటోంది, లేదా బొమ్మతో. ఇంట్లో పాపను ఉడత అంటారు. పెన్సిలు ముక్కలూ గుండీలూ దారపు ఉండలూ ఎక్కడెక్కడో దాచిపెడుతుంది. షాపు నుంచి వచ్చే కాగితపు ముక్కల సంచీ దాని ఖజానా. అందులోంచి ఏరిన ముక్కలతో బొమ్మకు మంచాలు చేస్తుంది, దుప్పట్లు చేస్తుంది.

"పొద్దున్న ఊదించావా?" అని అడిగింది అక్క.

చెల్లెలు నాలుక కరుచుకుంది. ఈ గొడవలో మరిచిపోయింది. ఏడాదిపైగా ఎన్నడూ జరగనిది.

"సెంటరుకు వెళ్లి వచ్చి ఊదిస్తాను. తొమ్మిదింటి రీడింగు తీయాలి."

"ఇవాళ కూడానా?"

"టీకాల ఫ్రిజ్జుకు ఆదివారమని తెలియదు కదా," అంటూ చెప్పులు వేసుకుంది.

*

ఆరోగ్య కేంద్రంలో టీకాల గది వెనక వరండా చివర ఉంది. కాపలాదారు తాళాలగుత్తి అందిస్తూ, "ఏం థర్మామీటరమ్మా, ఫ్రిజ్జుకు ఇవాళైనా ఒంట్లో బాగుందా?" అన్నాడు. రోజూ అదే అంటాడు. రోజూ తనే నవ్వుతాడు.

ఆమె ఫ్రిజ్జు మూత ఎత్తి, లోపల వేలాడే థర్మామీటరును కదపకుండా వంగి చూసింది. అయిదున్నర డిగ్రీలు. రెండుకూ ఎనిమిదికీ మధ్య ఉంటే టీకా బతికినట్టు. రిజిస్టరులో అంకె వేసి, టైము వేసి, పొట్టి సంతకం చేసింది.

మూడేళ్ల కిందట ఒక వేసవిలో కరెంటు పోయి, జనరేటరు మొరాయించి, ఆ అంకె పదకొండు దాటింది. నాలుగు గంటలు దిగలేదు. ఆమె పదకొండనే రాసింది. పెట్టెల కొద్దీ మందు పారబోయవలసి వచ్చింది. పై అధికారి గదిలోకి పిలిపించి, "అయిదు అని రాస్తే నీ సొమ్మేం పోయేది?" అని అరిచాడు. "నా సొమ్మేం పోదు సార్. సూది వేయించుకున్నామన్న ధైర్యంతో జబ్బు తెచ్చుకునేది పిల్లలు," అంది ఆమె. ఏడాదిపాటు జీతం పెంచలేదు. ఆ ఏడాది ఆ గదికి అంకెలు తనిఖీ చేయడానికి కూడా ఎవరూ రాలేదు. రానక్కర్లేదని అందరికీ తెలిసిపోయింది.

రిజిస్టరుకు మూడే నియమాలు. పేజీ తీయకూడదు. తప్పు రాస్తే కిందిది కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం చేయాలి. ఖాళీని ఊహతో నింపకూడదు. ఇంటి పుస్తకానికి కూడా ఆమె ఈ మూడే పెట్టుకుంది.

తాళం వేసి ఇచ్చేస్తుంటే కాపలాదారు గొంతు మార్చి అడిగాడు. "ఇవాళే కదమ్మా కోర్టువాళ్లు వచ్చేది? నన్నేమన్నా చెప్పమంటే చెబుతాను. ఆయమ్మ చాలా మంచిదని."

"నీకెలా తెలుసు?"

"ఎందుకో, అనిపిస్తుంది."

"అనిపించేది వద్దు. నేను రోజూ ఎన్నింటికి వస్తానో అడిగితే అది చెప్పు."

*

ఇంటికి వచ్చేసరికి పిల్ల తండ్రి ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. ఆదివారాలు పదింటికి అతను రావడం, అయిదింటికి పాపను తిరిగి దింపడం కోర్టు చేసిన ఏర్పాటు. ఇవాళ పరిశీలన ఉంది గనక మధ్యాహ్నం రమ్మన్నారు. అయినా వచ్చాడు.

అలవాటు కొద్దీ కూర్చున్న కుర్చీ చేతిని గోటితో గీకి చూస్తున్నాడు. ఊళ్లో సగం ఇళ్ల బల్లలకూ మంచాలకూ మెరుపు తెచ్చింది అతని షెడ్డే. పాలిష్ మేస్త్రి అంటే తెలియనివాళ్లు లేరు.

"దీనికి రెండు పూతలు పడితే ఇంకో పదేళ్లు ఉంటుంది వదినా," అన్నాడు అక్కతో.

"కుర్చీల సంగతి తర్వాత మరిదిగారూ. ముందు కాపురాలు ఎన్నేళ్లు ఉంటాయో చెప్పండి," అంది అక్క, టీ గ్లాసు అతని ముందు పెడుతూ. ఆమె చూపు చెల్లెలి మీద ఆగలేదు. గోడ మీదికి, కిటికీ మీదికి, మళ్లీ గోడ మీదికి పోయింది. చెల్లెలు గమనించింది గాని, అడగడానికి అది సమయం కాదు.

"మీరు మధ్యాహ్నం రావాలి," అంది.

విడిపోయాక కూడా ఆమె అతన్ని మీరు అనే అంటుంది. ఒకప్పుడు అది మర్యాద. ఇప్పుడు కొలిచి పెట్టుకున్న దూరం.

"ఆవిడ రాకముందు ఒక్క మాట చెప్పిపోదామని." జేబులోంచి మడత కాగితం తీసి బల్ల మీద పరిచాడు. "ఇది చదువు. నువ్వు సంతకం పెడితే నేను వేసిన కేసు వెనక్కి తీసుకుంటాను. పిల్ల నీ దగ్గరే ఉంటుంది. నేను ఆదివారం ఆదివారం వచ్చి చూసుకుపోతాను. గొడవే ఉండదు."

ఆమె నిలబడే చదివింది. పాప పోషణకు తండ్రి నెలనెలా ఇవ్వవలసిన సొమ్మును తల్లి ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నట్టు ఉంది.

"ఇష్టపూర్వకంగా," అని ఆ ఒక్క మాటే పైకి చదివింది.

"వకీలు రాసిన మాట అది."

"ఇష్టం కూడా వకీలే రాశాడన్నమాట."

"వెటకారాలు వద్దు. ఆ రెండు దెబ్బల సంగతి నాకు తెలుసు. పిల్లే చెప్పింది. కొట్టి, మళ్లీ నోటుపుస్తకంలో రాసుకున్నావని కూడా చెప్పింది. అది ఆవిడ చూసిందంటే ఏమవుతుందో నీకు తెలుసు. నేను చూపించమని పట్టుబట్టను. నువ్వు ఈ కాగితం మీద సంతకం చెయ్యి. సరిపోతుంది."

అక్క వంటగది గుమ్మంలోంచి అంది. "ఒప్పుకో చెల్లీ. డబ్బుదేముంది? నా రెండు చేతులూ ఉన్నాయి, నీ జీతం ఉంది. పిల్ల మిగులుతుంది."

ఇద్దరు ఎదురుచూస్తున్నారు. ఒక్కతే ఆలోచిస్తోంది.

"ఒకటి అడుగుతాను చెప్పండి," అంది ఆమె చివరికి. "మీకు పిల్ల కావాలా?"

"అదేం ప్రశ్న? నా పిల్ల."

"కావాలంటే ఈ కాగితం ఎందుకు? అక్కర్లేదంటే ఆ కేసు ఎందుకు?"

అతను బల్ల మీది కాగితాన్ని అరచేత్తో చదును చేశాడు.

"ఆ డబ్బు నాది కాదు, వదులుకోవడానికి. దానిది. దాని మందు, దాని బడి, దాని పక్కబట్టలు. దాని సొమ్ము మీద నేను సంతకం చేస్తే అది దొంగ సంతకం. రేపు పెద్దదై, నన్నడక్కుండా ఎందుకిచ్చావని అడిగితే నా దగ్గర జవాబు లేదు."

"అయితే నేను కేసు నడుపుతాను."

"నడపండి. ఇంకొక సంగతి కూడా వినండి. మీరు నాలుగు నెలలు కట్టలేదు. ఆ నాలుగు నెలల్లో ఒక్క ఆదివారమైనా తలుపు వేశానా? వెయ్యను. మీరు కట్టకపోయినా అది మీ కూతురే, వచ్చి చూడండి. కట్టినంత మాత్రాన అది మీకు అద్దెకిచ్చిన కుర్చీ కాదు. కట్టడం వేరు, చూడడం వేరు. ఈ రెంటినీ ముడిపెట్టి బేరానికి రావద్దు. బేరం ఆడడానికి ఇక్కడ ఎవరూ అమ్మకానికి లేరు."

"నువ్వు పిల్లను పెంచట్లేదు," అన్నాడు అతను లేచి నిలబడి. ముఖం ఎర్రబడింది. "ఫ్రిజ్జును పెంచుతున్నావు. పొద్దున ఒక అంకె, సాయంత్రం ఒక అంకె. దాన్ని ఎత్తుకున్నావని ఎప్పుడైనా రాశావా ఆ పుస్తకంలో?"

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. రాయలేదు. ఎత్తుకోవడాన్ని ఎందులో కొలుస్తారో ఆమెకు తెలియదు.

"రాయలేదు," అని ఒప్పుకుంది. కాగితాన్ని మడిచి అతని వైపు జరిపింది. "తీసుకెళ్లండి."

అతను తీసుకోకముందే మెట్ల మీద ఎవరో ఆయాసపడుతూ ఎక్కుతున్న చప్పుడు వినిపించింది. పదకొండుకు ఇంకా పది నిమిషాలుంది.

*

పరిశీలకురాలు అరవైకి దగ్గరపడిన మనిషి. ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో మోకాలు రుద్దుకుంటూ లోపలికి వచ్చింది.

"విడిపోయినవాళ్లందరూ పై అంతస్తుల్లోనే ఎందుకుంటారో," అని తనలో తాను అనుకున్నట్టే అంది. తర్వాత అతన్ని చూసి, "మీరెవరు బాబూ?" అంది.

"పాప తండ్రినండి. ఆదివారం నా రోజు."

"ఇవాళ ఉదయం నాది. సరే, వచ్చారు కాబట్టి ఆ మూల కూర్చోండి. అడిగినప్పుడు మాట్లాడితే చాలు."

ఇల్లు చూసింది. రెండు గదులు, వంటగది, పాప పుస్తకాల అర, కిటికీ దగ్గర మందుల పెట్టె. పాప గదిలోకి తొంగి చూసి, "నీతో తర్వాత మాట్లాడతానమ్మా," అని వచ్చి బల్ల దగ్గర కూర్చుంది.

"పుస్తకం?"

తల్లి పుస్తకం అందించింది. చేతికి తీసుకున్నప్పుడే ఏదో తేడా అనిపించింది. ఏమిటో పోల్చుకునేలోగానే పుస్తకం అవతలివైపు వెళ్లిపోయింది.

పరిశీలకురాలు ఒక్కో పేజీ తిప్పుతోంది. తొందర లేదు. మధ్యలో ఒకసారి, "సోమవారాలన్నీ అంకె తగ్గుతోందే. ఆదివారం తండ్రి దగ్గర ఉండి రావడం వల్లనా?" అని అడిగింది.

"తెలియదండి. పక్కనే రాశాను చూడండి. 'కారణం తెలియదు' అని. ఒక ఆదివారం ఆయన పార్కుకు తీసుకెళ్లారు. ఆ సోమవారం తగ్గలేదు. షెడ్డులో గాలి వల్ల కావచ్చు. సోమవారం బడి భయం వల్లా కావచ్చు."

మూలన కూర్చున్న మనిషి తలెత్తి చూశాడు. ఆ పుస్తకంలో తన వైపు మాట్లాడే వాక్యం కూడా ఒకటి ఉంటుందని అతను అనుకోలేదు.

పేజీలు తిరిగాయి. ఆగాయి. పరిశీలకురాలు కళ్లజోడు సర్దుకుని, వెనక్కి ఒక పేజీ తిప్పి, మళ్లీ ముందుకు తిప్పింది.

"ముప్పై ఎనిమిది తర్వాత నలభై ఒకటి ఉందేమిటమ్మా?"

వంటగదిలో గ్లాసు గిన్నెకు తగిలి మోగింది.

తల్లి లేచి బల్ల చుట్టూ వెళ్లి వంగి చూసింది. చింపిన ఆనవాలు లేదు. చిన్న పీలిక కూడా లేదు. అప్పుడు మడతలోని దారం కనిపించింది. ఏడాదిగా చేతులు తగిలి పసుపెక్కిన దారం కాదు అది. తెల్లగా, బిగువుగా, కొత్తగా ఉంది. చేతికి తెలిసిన తేడా అదే.

"ముందుకు వెళ్లండి," అంది. "యాభై ఆరు తర్వాత చూడండి."

"యాభై తొమ్మిది ఉంది."

ఆ పని తెలిసినవాళ్లు కుట్టిన పుస్తకంలోంచి ఒక్క ఆకు చింపరు. చింపితే మడతకు అవతల ఉన్న దాని జత ఆకు వదులై, నాలుగు రోజుల్లో ఊడి చేతికి వస్తుంది. అందుకని కుట్టు విప్పి, రెండు ఆకులూ కలిసి ఉన్న ఠావు మొత్తం లాగేసి, మళ్లీ కుడతారు. ముప్పై ఏళ్ల చేతివాటం. అక్క చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. అవతలి సగం మీద ఏముందో కళ్లు చూడలేదు. చెల్లెల్ని ముంచుతుందనుకున్న పేజీతో పాటు, గట్టెక్కిస్తుందనుకున్న పేజీ కూడా పోయింది. రెండూ ఒకే కాగితం.

"చూశారా మేడమ్!" పాలిష్ మేస్త్రి లేచి నిలబడ్డాడు. "పిల్లను కొట్టి రాసుకున్న పేజీ అదే. చింపేసింది!"

"అడిగినప్పుడు అన్నాను కదా బాబూ." పరిశీలకురాలు అతని వైపు చూడకుండానే అని, తల్లి వైపు తిరిగింది. "ఎవరు తీశారమ్మా?"

వంటగది గుమ్మం దగ్గర అక్క తలుపుచెక్క పట్టుకుని నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది.

"నేను లేనప్పుడు తీశారు. నా మీద ప్రేమతో తీశారు," అంది తల్లి. "అయినా పుస్తకం నాది. జవాబు నేనే చెబుతాను. కలం ఇస్తారా?"

పుస్తకంలో రాయని పేజీ ఒకటి తెరిచి, పైన ఇవాళ్టి తేదీ, టైము వేసి రాసింది. రాస్తూ పైకి చదివింది. "ముప్పై తొమ్మిదో పేజీ పుస్తకంలో లేదు. అందులో ఉన్నది ఇది. సోమవారం సాయంత్రం, బొమ్మకు ఇన్‌హేలరు కొట్టినందుకు పాప కుడిచేతి మీద రెండు దెబ్బలు వేశాను. నలభై నిమిషాలు ఎర్రగా ఉంది. తప్పు నాది." కింద సంతకం చేసింది.

"చెల్లీ!" అంది అక్క. ఇక ఆగలేకపోయింది. "నేనే తీశానమ్మా, నేనే! దానికేం తెలియదు. యాభై ఏడు కూడా రాయవే! అందులో ఏముందో చెప్పవే! పిల్ల ఊపిరి అందక..."

"అవును, యాభై ఏడు కూడా రాయండి," అంది పరిశీలకురాలు.

తల్లి కలానికి మూత పెట్టింది.

"రాయనండి. నాకు నష్టం తెచ్చేదాన్ని జ్ఞాపకం నుంచి రాస్తే మీరు నమ్మవచ్చు. నాకు లాభం తెచ్చేదాన్ని జ్ఞాపకం నుంచి రాస్తే నేనే నమ్మను."

పరిశీలకురాలు కళ్లజోడు తీసి ఆమెను చూసింది. ఆ చూపులో మెప్పు ఉందో, జాలి ఉందో చెప్పడం కష్టం. ఇలాంటి చోట్ల చూపులను నమ్ముకుని ఇంతకుముందు చాలామంది మోసపోయారు.

"ఆ కాగితం ఎక్కడుంది?" అని అక్కను అడిగింది.

"ముక్కల సంచీలో వేశాను. కాల్చేద్దామని ఇంతకుముందే వెతికాను. లేదు."

"నా దగ్గరుంది," అంది ఒక సన్నని గొంతు.

గది గుమ్మంలో ఉడత నిలబడి ఉంది. చంకలో బొమ్మ. గౌను లోపల ఏదో దోపడం వల్ల బొమ్మ పొట్ట ఉబ్బింది. పాప అందులోంచి నాలుగు మడతల కాగితం బయటికి లాగింది.

తండ్రి రెండడుగులు ముందుకు వేసి చెయ్యి చాచాడు. "ఇలా ఇయ్యమ్మా. నాన్నకియ్యి."

"ఇలా తే, బంగారూ," అంది పెద్దమ్మ మరోవైపు నుంచి.

తల్లి మాత్రం చెయ్యి చాచలేదు. చాచాలనుకున్న చేతిని రెండో చేత్తో పట్టుకుంది.

పాప కాగితాన్ని గుప్పిట్లో నలిపి పట్టుకుంది. "ఇవ్వను. ఇది నాది. నా గురించే కదా రాసింది. నా ఊపిరే కదా."

తండ్రి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మీ దగ్గర రాసుకునే పుస్తకం ఉందా?" అని పాప పరిశీలకురాలిని అడిగింది.

"ఉందమ్మా."

"అయితే ముందు నన్ను అడగండి. నేను చెప్పింది రాసుకోండి. అప్పుడు ఇది ఇస్తాను. వాళ్లెవరూ రాకూడదు." కాస్త ఆలోచించి, "అమ్మ కూడా," అంది.

పరిశీలకురాలు మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచింది. పాప వెనకే గదిలోకి వెళ్లింది. తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

ముందుగదిలో ముగ్గురు మిగిలారు. అక్క నేల మీద కూలబడింది. పాలిష్ మేస్త్రి సంతకం లేని కాగితాన్ని మళ్లీ మళ్లీ మడుస్తున్నాడు. ఇక మడవడానికి అందులో చోటు లేదు. తలుపు అవతల మాటలు వినిపిస్తున్నాయి గాని, ఏమిటో తెలియడం లేదు. పాప గొంతే ఎక్కువగా ఉంది.

తర్వాత మాటలు ఆగాయి. గొట్టంలోకి బలంగా ఊదిన చప్పుడు వినిపించింది. ఒకటి. ఆగి, రెండు. ఆగి, మూడు.

పొద్దున మరిచిపోయిన ఊదుడు. ఎవరూ చెప్పకుండా పాపే గుర్తు పెట్టుకుంది.

తల్లి పుస్తకం దగ్గరికి జరుపుకుంది. ఇవాళ్టి వరుసలో పదకొండూ నలభై అని రాసింది. అంకె ఉండవలసిన చోట కలం ఆగింది. ఖాళీని ఊహతో నింపకూడదు. కలం పైకెత్తింది.

"ఎంత వచ్చుంటుంది?" అన్నాడు అతను.

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అతను అడగడం ఇదే మొదలు. ఆమె తలెత్తి చూసింది.

"తెలియదు," అంది. "తలుపు తెరిచాకే."

తలుపు ఇంకా తెరుచుకోలేదు.